జెనీవాలో ఒక మంగళవారం

జెనీవాలో నాకు దొరికింది ఒకే ఒక్క రోజు. నేను పనిచేసే జెద్దా ఇంటివాళ్ళు ఏటా వేసవిలో అక్కడ మూడు వారాలు ఉంటారు. మామాని చూసుకునే నర్సుని కాబట్టి ఆ ఏడాది, అంటే 2018లో, నన్నూ తీసుకెళ్తున్నారు. మామా అంటే ఆ ఇంటి పెద్దావిడ. డెబ్బై ఎనిమిదేళ్ళు, సుగరు, ఎడమ కాలు పడిపోయింది. నోరు మాత్రం పడిపోలేదు. మూడు వారాల్లో ఒక రోజు సెలవు కావాలని నేనే నోరు తెరిచి అడిగాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మదామ్ నౌఫ్ నాకు అమ్మ కూడా కాదు, మామాకి పెద్ద కోడలు.

జెనీవా చాలా పాత ఊరట. అందరూ ఫ్రెంచి మాట్లాడతారట. కింద సరస్సు, పైన కొండ, కొండ మీద రాళ్ళు పరిచిన వీధులు, వందల ఏళ్ళనాటి చర్చి. ఉంటే ఉండనీ. నాకు కావలసింది ఆ కొండ మీద ఒక ఇంటి మూడో అంతస్తులో ఉంటున్న మా పాత మేట్రన్ ఎలియాన్ గారి సంతకం.

పదకొండేళ్ళు నేను జెద్దాలో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో డయాలసిస్ నర్సుని. నితాఖత్ వచ్చింది. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలని లెక్క, లెక్క తప్పితే ఆ కంపెనీకి ఎరుపు రంగు గుర్తు. మా ఆసుపత్రి ఎరుపులోకి జారింది, ఇఖామాలు, అంటే మేం అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్లు, రెన్యూ కావడం ఆగిపోయింది, 2016లో ఒక పొద్దున వెళ్ళేసరికి గేటుకి తాళం. జీతాలు పోతే పోయాయి, నా పదకొండేళ్ళూ ఆ తాళం వెనకే ఉండిపోయాయి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చే దిక్కు లేదు. అదే ఏడాది నా భర్త యిర్మీయా పనిచేసే సెల్‌ఫోన్ కొట్లో ఇక సౌదీలే ఉండాలన్నారు. తర్వాతి ఏడాది కుటుంబాల మీద తలకింతని లెవీ అన్నారు. యిర్మీయా, మా అమ్మాయి కెజియా సామాను సర్దుకుని పాలకొల్లు వెళ్ళిపోయారు. నేను ఇంటి నర్సుగా ఈ గడప తొక్కాను.

ఇప్పుడు ఐర్లండ్‌లో ఒక ఆసుపత్రి నన్ను తీసుకుంటానంది. అక్కడికైతే భర్తనీ పిల్లనీ తీసుకెళ్ళొచ్చు. ఆగస్టు ఆఖరులోగా నా పాత సర్వీసుకి రుజువు పంపాలి, లేకపోతే పేరు కొట్టేస్తారు. మేట్రన్‌కి డెబ్బై మూడు. ఫోను వినపడదు, మెయిలు తెలియదు. పాపం, చెయ్యి వణుకుతున్నా ఒక లెటరు రాసి పోస్టులో పంపింది. ఐర్లండ్ ఉద్యోగం చూసిపెట్టిన ఏజెన్సీవాడు చెల్లదన్నాడు. ఆవిడ నోటరీ ముందు కూర్చుని, పాత ఆసుపత్రి కార్డు చూపించి సంతకం పెట్టాలట. ఆవిడ ఒంటరిగా మూడంతస్తులు దిగలేదు. దింపి, నోటరీ దాకా నడిపించడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి నేనే కావాలని నిర్ణయించుకున్నాను.

మామా సుగరు చార్టు వెనకవైపు ప్లాను రాసుకున్నాను. ఎనిమిదింటికి హోటల్లోంచి బయటపడటం, వంతెన దాటడం, తొమ్మిదింటికల్లా మేట్రన్ తలుపు. ఆవిడకి టీ పెట్టి, చెప్పులు తొడిగి, మెట్లు దించి, నోటరీ దగ్గరికి. సంతకం అయ్యాక ఆ పెద్ద చర్చిలో పది నిమిషాలు మోకాళ్ళూనడం. ఇరవై ఏళ్ళు డ్యూటీ చార్టులు నింపిన చెయ్యి నాది, ఒక్క పావుగంట కూడా వదలకుండా నింపేశాను. రోజు కూడా నేనే ఎంచుకున్నాను. ఆదివారం. వారంలో ఆఫీసులు తెరిచే మొదటి రోజు, గుమాస్తాలకి ఇంకా విసుగు పుట్టి ఉండదు. ఆదివారం అనగానే మదామ్ నౌఫ్ వెంటనే సరేనంది. ఈవిడకి ఇంత మంచి మనసు ఎప్పుడొచ్చిందా అనుకున్నాను.

శుక్రవారం మధ్యాహ్నాలు నేను సుజిత గదికి వెళ్తాను. అమలాపురం పిల్ల, పెద్ద ఆసుపత్రిలో నర్సు. మేమిద్దరం గొంతు తగ్గించి రెండు పాటలు పాడుకుని, వాక్యం చదువుకుని, కోడికూర తింటాం. మాకు ఆరాధన అదే. ఆ శుక్రవారం తినడం అయ్యాక నోటరీకి ఫోను చేయమన్నాను. సుజిత ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే నయం. స్పీకరు పెట్టింది. అవతల ఒకావిడ ఎంతో మర్యాదగా మాట్లాడింది. సుజిత ఆదివారం పొద్దున పదిన్నరకి టైము కావాలంది.

"ఆదివారమా మదాం?" అంది అవతలావిడ. సుజిత అవునంది. ఆవిడ మళ్ళీ, చంటిపిల్లకి చెప్పినట్టు నిదానంగా, "ఆదివారం మేం తెరవం మదాం. ఆదివారం ఇక్కడ ఎవరూ తెరవరు" అంది.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఇద్దరి ఒళ్ళోనూ బైబిళ్ళున్నాయి.

"సుందరక్కా," అంది సుజిత, ఫోను చేత్తో మూసి, "అక్కడ ఆదివారం సెలవక్కా. చర్చికెళ్ళే రోజు. మనం అసలు కిరస్తానీలమేనా?"

నాకు సిగ్గేసింది. మా నాన్న సంఘ పెద్ద. ఆదివారం మా ఇంట్లో కత్తిపీట కూడా వాల్చేవాళ్ళు కాదు, కూర శనివారమే వండేసేది అమ్మ. ఆ ఇంట్లో పుట్టినదాన్ని, శుక్రవారం సెలవుండే దేశంలో పదమూడేళ్ళుగా ఆదివారం పొద్దున్నే యూనిఫాం తగిలించుకుని పరుగెత్తీ పరుగెత్తీ, ఆదివారం అంటే పని మొదలయ్యే రోజనుకునే స్థితికి వచ్చాను. దేశం వదిలినప్పుడు ఏమేం వదిలానో నాకు తెలుసుననుకున్నాను. ఇది వదిలినట్టు నాకే తెలియలేదు. ఏడుపొచ్చింది. దాని వెనకే కోపం వచ్చింది. నాకు కోపం వస్తే ఏడుపు ఆగిపోతుంది, అదొక్కటే ఆ కోపంతో లాభం.

"వేరే రోజు అడుగు" అన్నాను.

అడిగింది. మేం అక్కడుండే మూడు వారాల్లో ఖాళీ ఉన్నది ఒక మంగళవారం పదిన్నర, అంతే.

"తీసుకో."

"మదామ్‌ని అడక్కుండానా? ఆవిడ వద్దంటే ఏం చేత్తావక్కా?"

"ముందు నువ్వు తీసుకోవే. అడగటం నా తంటా."

ఆ సాయంత్రమే అడిగాను. మదామ్ నౌఫ్ గోళ్ళకి రంగు వేయించుకుంటోంది. తల ఎత్తకుండానే కుదరదంది. "మంగళవారం మేమంతా మంచుకొండలకి వెళ్తున్నాం సుందరీ. రాత్రికి గానీ రాం. మామా దగ్గర ఎవరుంటారు? ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, మేం హోటల్లోనే ఉంటాం. అందుకే కదా ఆదివారం అనగానే సరేనన్నాను."

ఆవిడ మంచి మనసు లోతెంతో అప్పుడు తెలిసింది. ఆవిడ తప్పు కాదు లెండి, ఆవిడకి ఆ ఊరి ఆదివారం తెలుసు, నాకు తెలియలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం కాదు నేను. ఆ రాత్రి పడుకునే ముందే దారి వెతికాను.

మామాని హోటల్లో పడుకోబెట్టి నాలుగు గంటలు జారుకునే ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. అర నిమిషం ఉంది. పేషెంటుని వదిలేసి వెళ్ళి, నేను మంచి నర్సునని సంతకం పెట్టించుకుంటానా? ఆ సంతకం నా మొహాన ఉమ్మేస్తుంది. వదిలి వెళ్ళలేకపోతే వెంట తీసుకెళ్ళాలి. చార్టు ఇంకోటి తీసి, ప్లాను మళ్ళీ రాశాను. ఏడింటికి ఇన్సులిన్, ఏడున్నరకి టిఫిను. సంచిలో ఖర్జూరాలు, గ్లూకోజు, డయపర్లు, నమాజుకి పరిచే జానమాజు. వీల్‌చైరులో మామా. మేట్రన్ ఇంటి కింద మామాని ఆపి నేను పైకెళ్ళకూడదు కాబట్టి, పక్కింటాయన సాయంతో కిందికి దిగి ఉండమని మేట్రన్‌కి ముందే ఉత్తరం రాయడం. అక్కణ్ణుంచి ఒక చేత్తో కుర్చీ, ఇంకో చేతికి మేట్రన్. వెనక్కొచ్చేసరికి మామా జొహర్, అంటే మధ్యాహ్నం నమాజుకి టైము సరిపోతుంది. చర్చిలో నా పది నిమిషాలు కొట్టేశాను.

ఒక్కటే తేలలేదు. కొండ. జెద్దాలో కొండ ఎక్కడుంది? గచ్చు మీద కుర్చీ తోయడం తప్ప నేనెప్పుడూ ఎత్తు మీదికి తోయలేదు. అరవై రెండు కిలోల మామాని రాళ్ళ వీధిలో పైకి తోయగలనా లేదా? చేతకాకపోతే ఇప్పుడే తెలియాలి, నడివీధిలో కాదు.

మా బిల్డింగు కింద కారు పార్కింగు ఉంది, దాన్నుంచి రోడ్డుకి వచ్చే ర్యాంపు బాగా నిటారు. మర్నాడు పొద్దున మామా నిద్రలో ఉందనుకుని, కుర్చీ కిందికి దించి, నలభై కిలోల బాస్మతి మూట, దాని మీద ఇరవై కిలోల పిండి బస్తా ఎక్కించాను. డ్రైవరు అబ్దుల్ హమీద్‌ది కడప. కుర్చీ జారితే పట్టుకోమని అతన్ని వెనక నిలబెట్టాను.

"ఏందక్కా, బియ్యానిగ్గూడా షికారా?" అన్నాడు. ఇంకా రెండు కిలోలు తక్కువని చెబితే స్టోరు రూములోంచి పంచదార పొట్లాలు తెచ్చి పైన పెట్టాడు. "ఇప్పుడు సుగరు గూడా సరిపోయె."

తోశాను. సగం దాకా వెళ్ళేసరికి తలప్రాణం తోకకొచ్చింది. దించి, పట్టీ బిగించి, మళ్ళీ తోశాను. మూడోసారి పైదాకా ఎక్కించి రోడ్డు అంచున ఊపిరి తీసుకుంటుంటే, పైనుంచి చేతికర్రతో అద్దం మీద టకటకా కొట్టిన చప్పుడు. మామా మంచం పక్క కిటికీలోంచి చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో తెలియదు.

పైకెళ్ళాను. మంచం అంచున కూర్చుని ఉంది.

"నా కుర్చీలో ఎవరిని పెళ్ళికి తీసుకెళ్తున్నావు?" అంది.

నాకు వచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ, ఆసుపత్రి అరబ్బీ. దాంతోనే మొత్తం చెప్పాను. తాళం పడ్డ ఆసుపత్రి, మేట్రన్, నోటరీ, నేను పోగొట్టుకున్న ఆదివారం, మదామ్ కుదరదన్న మంగళవారం. తీసుకెళ్తానని మాటివ్వలేదు, వస్తారా అని అడిగాను. రాళ్ళ వీధులని, కుదుపులుంటాయని, మధ్యలో బాత్రూము దొరక్కపోవచ్చని కూడా చెప్పాను. దాచిపెట్టి ఒప్పించడం నాకు ఇష్టం లేదు.

మామా చేతికర్ర పక్కన పెట్టింది. తర్వాత అంది, "పద్నాలుగు వేసవులు ఆ ఊరు వెళ్ళాను. హోటలు కిటికీలోంచి సరస్సులో ఫౌంటెను నీళ్ళు పైకి లేవడం చూశాను, కింద పడటం చూశాను. ఆ కొండ మీద ఏముందో ఎవరూ చూపించలేదు. నేనూ అడగలేదు." నా మొహంలోకి చూసింది. "ఆ కాగితం వస్తే నువ్వు నా దగ్గర్నుంచి వెళ్ళిపోతావు కదా?"

అప్పుడు అబద్ధం చెప్పడం ఎంత సులువో. లేదు మామా, ఊరికే దగ్గర పెట్టుకుంటాను, అంటే సరిపోయేది. ఆవిడ రాకపోతే నాకు మంగళవారం లేదు, మంగళవారం లేకపోతే సంతకం లేదు, సంతకం లేకపోతే కెజియా నన్ను ఫోనులోనే చూస్తూ పెద్దదైపోతుంది. ఏడాదిగా ఆవిడకి స్నానం చేయించి, తల దువ్వి, రాత్రిళ్ళు కాళ్ళు పిసికిన చేతులు ఇవి. నేనంటే ఆవిడకి ప్రాణమని నాకు తెలుసు. నాకూ ఆవిడంటే ప్రేమే. మా అమ్మకి చేయలేనిది ఈవిడకి చేశాను.

"వెళ్ళిపోతాను మామా" అన్నాను.

"ఎప్పుడు?"

"నవంబరులో."

ఆవిడ వేళ్ళలో తస్బీ జపమాల పూసలు నాలుగైదు జరిగాయి. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ జరగలేదు.

"నౌఫ్‌కి నేను చెప్తాను," అంది. "ఈ ఇంట్లో నేనెక్కడికి వెళ్ళాలో కోడలు చెప్పదు. నువ్వెళ్ళి ఆ బియ్యం దించు. నన్ను కూర్చోబెట్టి తోసి చూడు. బియ్యం కదలదు, నేను కదులుతాను. తేడా తెలియాలి కదా."

అబాయా తొడిగి, లిఫ్టులో దించి, కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ పెట్టాను. అబ్దుల్ హమీద్ నోరు మూసుకుని వెనక నిలబడ్డాడు. మామా చెప్పినట్టే మనిషి బరువు వేరు. మలుపు దగ్గర ఒక పక్కకి ఒరిగింది, నేను మోకాలు అడ్డం పెట్టి ఆపి, పళ్ళ బిగువున తోశాను. కళ్ళల్లో నీళ్ళు నిండి ర్యాంపు మసకగా కనబడింది. తుడుచుకుందామంటే చేతులు ఖాళీ లేవు. పైకి చేరాక ఎండలో ఇద్దరం రొప్పాం, కూర్చున్నావిడ కూడా.

"అక్కడి కొండ ఇంతకన్నా పెద్దదా?" అంది మామా, వెనక్కి తిరక్కుండా.

"పెద్దదే మామా."

"అయితే కిందికి దించి మళ్ళీ తోయి."