ఖాళీ ఫిల్టర్

తన బావ కొనాలనుకున్న రెండు పాత బస్సుల్నీ మెకానిక్ ఒక పూటంతా చూశాడు. ఇంజన్లు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, బాడీకి తుప్పు లేదు. చివరగా రెండో బస్సు కిందికి దూరి, పొగగొట్టానికున్న ఫిల్టర్ డబ్బాను స్పానర్‌తో తట్టాడు. ఖంగుమంది. మసిని పట్టే జల్లెడ లోపల ఉంటే అలా మోగదు. డబ్బా చుట్టూ కొత్తగా వెల్డింగ్ చేసిన గీత కూడా కనిపించింది.

బయటికొచ్చేసరికి బావ అమ్మేవాడితో మాట ఖాయం చేసుకుంటున్నాడు.

"పొగ పరీక్ష కాగితం కూడా ఇచ్చాడు చూడు. మొన్నటి తేదీయే."

"మన షెడ్డులో ఒకసారి పొగ కొలిచే మిషన్ పెట్టి చూద్దాం బావా."

"మళ్లీ మొదలెట్టావా? పోయినసారి నీ చాదస్తంతోనే మంచి బస్సు చేజారింది. బడి తెరిచేలోగా నాకు బస్సులు కావాలి. కాగితం ఉందిగా!"

అమ్మేవాడు నవ్వాడు. "మీ బావమరిది బస్సు చూడ్డానికొచ్చాడా, పిల్లనివ్వడానికొచ్చాడా అండీ?"

బావ కూడా పడీపడీ నవ్వాడు. మెకానిక్ ముఖం మాడిపోయింది. ఖాళీ డబ్బా సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాడు. "సరే, నీ ఇష్టం" అని చేతులు తుడుచుకున్నాడు.

పిల్లల్ని ఎక్కించి దించే పనికి ఆ రెండో బస్సులో మెకానిక్ అక్కే కుదిరింది. ఆమె సీటు వెనక తలుపు పక్కనే. ఆగిన ప్రతిచోటా నల్లటి పొగ లోపలికి కొట్టేది. "నీ బస్సుకి చుట్టలు కాల్చే అలవాటుందిరా" అని తమ్ముణ్ణి ఆట పట్టించేది. అతను తలుపు రబ్బరు మార్చాడు, గొట్టం చివర పక్కకు తిప్పాడు. ఫిల్టర్ మాట మాత్రం ఎత్తలేదు. ఎత్తితే, ఆ రోజెందుకు చెప్పలేదని అడుగుతారు.

కొన్ని నెలలకు అక్కకు దగ్గు పట్టుకుంది. తర్వాత మెట్లెక్కితే ఆయాసం. ఆస్పత్రికి తమ్ముడే తీసుకెళ్లాడు.

"పొగలో పనిచేస్తారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ, పిల్లల బస్సులో."

పక్క కుర్చీలో ఉన్న మెకానిక్ ఆ మాట విన్నాడు.

ఇంటికి రాగానే అక్కాబావలిద్దరి ముందూ ఖాళీ డబ్బా సంగతి చెప్పేశాడు.

"తెలిసే ఊరుకున్నావా?" అన్నాడు బావ.

"అవును బావా."

"నేను వెక్కిరిస్తే మాత్రం? నాలుగు తిట్టి చెప్పాల్సింది. అప్పుడూ వినకపోతే తప్పు నాదయ్యేది."

"వాడు చూద్దామన్నాడుగా. నువ్వు చూడనిచ్చావా?" అంది అక్క.

మర్నాడు డబ్బా కోశారు. చెయ్యి దూరేంత ఖాళీ. కొత్త ఫిల్టర్ బిగించి, మిషన్ పెట్టి, పొగ లెక్క సరిపోయాకే బస్సును రోడ్డెక్కించారు. మిషన్ మీది అంకెను బావ దగ్గరుండి చూశాడు. మెకానిక్ ముఖంకేసి మాత్రం చూడలేదు.

అక్కకు దగ్గు తగ్గింది గానీ ఆయాసం పోలేదు. బస్సు పని మానేసింది. పొద్దున్నే బస్సు వాకిట్లోంచి వెళ్తుంటే పిల్లలు కిటికీల్లోంచి ఆమెను పిలుస్తారు. ఆమె చెయ్యి ఊపుతుంది. తిరిగి కేకేసేంత ఊపిరి లేదు.

ఈమధ్య బావ మూడో బస్సు కొన్నాడు. చూడ్డానికి వేరే మెకానిక్‌ను వెంటబెట్టుకెళ్లాడు. ఆ సంగతి అక్కే తమ్ముడికి చెప్పింది, మాటమాటకీ ఆగుతూ, అదేం పెద్ద విషయం కానట్టు.

"మంచి పని చేశాడక్కా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ పూట షెడ్డులో ఏ బస్సు కిందికీ దూరలేకపోయాడు.