కాడ పట్టుకునే మనిషి

మా ఇంట్లో మా ఆయన తీసిన ఫోటోలు వేలకు వేలున్నాయి. మా ఆయన ఉన్న ఫోటో కావాలంటే మాత్రం లేదు. కెమెరా ఎప్పుడూ ఆయన మెళ్ళోనే వేలాడుతుంటే ఇంకెవరు తీస్తారు? పెళ్ళి ఆల్బమ్ ఉంది గానీ, బాసికమూ పూలదండలూ పోను అందులో మిగిలిన మొహం గుప్పెడు కూడా లేదు.

ఆయన సంవత్సరీకం దగ్గర పడింది. ముందుగది గోడకి ఫోటో పెట్టాలని పాలకొల్లు నుంచి మా వదిన మాణిక్యాంబ రోజూ ఫోను. ఆవిడ ఆయనకి స్వయానా అక్క. "ఆఫీసు కార్డు మీద ఉంది కదే, అది పెద్దది చేయించు" అంటుంది. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో చేసినప్పటి కార్డు అది. అందులో ఆయన ఎవరిమీదో పిటిషన్ పెట్టడానికి వచ్చినట్టు బిగుసుకుపోయి ఉంటారు. ఆ మొహం మా ఉదయభాస్కర్‌గారిది కాదు, గవర్నమెంటుది. పొద్దున్నే దాన్ని చూస్తూ నేను కాఫీ తాగాలా? నా వల్ల కాదని చెప్పేశాను.

నాకు కావలసిన ఫోటో వేరే ఉంది. తుంగకాడ మీద వాలిన నీలం రంగు సన్న తూనీగది. అది ఆయన తీసింది కాదు, నేను తీసింది. నా జన్మకి నేను తీసిన ఫోటో అదొక్కటే.

ఆయనకి పురుగుల పిచ్చి. ఆదివారం తెల్లారిందంటే కాలవ గట్టు మీదుండాలి. చీమైనా, సాలీడైనా, గొల్లభామైనా సరే, దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుండిపోయేవారు. దేవుడి ముందు అంతసేపు కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. మరి నా ఉద్యోగమేంటయ్యా అంటే, కాడ పట్టుకోవడం. గోదారి గాలి ఊరుకోదు కదా, పురుగు వాలిన కాడ ఊగితే ఫోటో చెడిపోతుంది. అందుకని నేను పక్కన గొంతుక్కూర్చుని, కాడని అడుగున రెండు వేళ్ళతో కదలకుండా పట్టుకోవాలి. ఊపిరి కూడా ఆయన్ని అడిగి పీల్చుకోవాలి.

"సత్యా, కదలకు."

"నేను కదల్లేదండీ, నా కడుపు అరిచింది. కాఫీ చుక్కైనా తాగనివ్వకుండా లాక్కొచ్చారు."

"నవ్వించకే తల్లీ, పురుగు పోతుంది."

ఇంటికొచ్చి సిస్టమ్ ముందు కూర్చున్నాక ఆయన మొట్టమొదట చేసే పని నా వేళ్ళు కోసెయ్యడం. దాన్ని క్రాప్ అంటారట. "చూసేవాడి కన్ను పురుగు మీదకి పోవాలి గానీ నీ గాజుల మీదకి పోతే ఎలా?" అనేవారు. ఎండలో మాడింది నేను, పేరు పురుగుకి! ఆ తర్వాత షార్ప్ చేసేవారు, అంటే బొమ్మ అంచులు తేటపరచడం. అది మాత్రం మహా భయంగా చేసేవారు. బొమ్మని బాగా పెద్దది చేసుకుని, పురుగు కంటి దగ్గర ఆగి, కొంచెం పెంచడం, చూడ్డం, మళ్ళీ తగ్గించడం. అంచుల్లో తెల్లగీత కనిపించిందంటే ఎక్కువైనట్టే. వెనకాల ఆకుల జోలికి అస్సలు వెళ్ళకూడదు, వెళ్తే ఇసక చల్లినట్టు గరగరలాడిపోతుంది. "పులుసులో ఉప్పనుకో సత్యా. చాలకపోతే వేసుకోవచ్చు, ఎక్కువైతే తియ్యలేం" అనేవారు. పొయ్యి వెలిగించడం రాని మనిషి నాకు చెప్పేవారు ఉప్పు సంగతి.

ఆఖరిసారి గట్టుకి వెళ్ళిన రోజున, ఏం బుద్ధి పుట్టిందో, కెమెరా నా మెళ్ళో వేశారు. "ఇవాళ నువ్వు తియ్యి, నేను పట్టుకుంటాను" అని నా చోటులో గొంతుక్కూర్చున్నారు. చిన్న తెరమీద పచ్చరంగు చదరపు గడి కనిపిస్తుంది, దాన్ని తూనీగ మీద పెట్టి నొక్కాలి, అంతే. నొక్కాను. ఆయన తీసుకుని చూసి పెదవి విరిచారు. "ఫోకస్ తప్పింది. తూనీగ మసకైపోయింది. తీసెయ్యి, వచ్చే ఆదివారం మళ్ళీ తీద్దువుగాని." ఎలా తీసెయ్యాలో నాకు తెలిస్తే కదా! అలాగే ఉండిపోయింది. ఆ ఆదివారానికి ఆయన లేరు. గుండె ఆగిపోయింది. కెమెరా బీరువాలో పెట్టేశాను, మళ్ళీ ముట్టుకోలేదు.

ఇప్పుడా కెమెరా పట్టుకుని రాజమండ్రిలో లోకనాథ్ స్టూడియోకి వెళ్ళాను. ఆయన ఫోటోలన్నీ ప్రింటు వేసింది అతనే.

"ఈ తూనీగని తేటగా చేసిపెట్టు బాబూ. ఆయన మళ్ళీ తీద్దామన్నారు. ఇంక తియ్యలేం కదా, ఇదే బాగుచెయ్యాలి."

లోకనాథ్ తన శక్తికొద్దీ చేశాడు పాపం. పెంచినకొద్దీ తూనీగ రెక్కల చుట్టూ ముగ్గు పెట్టినట్టు తెల్లగీత లేచింది తప్ప రెక్క మాత్రం తేటపడలేదు.

"అవ్వదండి పిన్నిగారూ. ఫోకస్ పడినదాన్ని ఇంకొంచెం తేటగా చూపించగలమండి. అసలు లేనిదాన్ని తేలేమండి."

"లేనిదాన్ని తేలేనప్పుడు ఇన్ని మిషన్లు ఎందుకయ్యా నీకు?" అని అరిచాను. అరుస్తూనే ఏడ్చేశాను. పది మందీ చూస్తున్నారని తెలుసు. అయినా ఆగలేదు. నాకు తూనీగ ఎందుకు? ఆ పొద్దు కావాలి. నా చోటులో ఆయన కూర్చున్న ఆ కాసేపు కావాలి.

లోకనాథ్ మంచినీళ్ళిచ్చాడు. "ఊరుకోండి పిన్నిగారూ. ఫోకస్ ఎక్కడో ఒకచోట పడే ఉంటుందండి, చూద్దాం" అంటూ బొమ్మని పెద్దది చేసి మెల్లగా పైకి జరుపుతూ వచ్చాడు. తూనీగ పైకి పోయింది. కాడ వచ్చింది. కాడ అడుగున చెయ్యి వచ్చింది.

అమ్మ బాబోయ్. చెయ్యి కాదది, మనిషే. బొటనవేలి మీద గీతలన్నీ ఉన్నాయి. ముందురోజు నేను పిన్నీసుతో ముల్లు తీసిన గాటు ఉంది. చిక్కిపోయారేమో, ఉంగరం వదులైతే నేనే దారం చుట్టాను, ఆ దారం పోగు పోగూ కనిపిస్తోంది. అంటే తూనీగ మీద పెట్టమన్న పచ్చగడిని నేను ఆయన చేతి మీద పెట్టి నొక్కానన్నమాట. నీలాలూ పచ్చలూ ఏం చూశానో నాకు తెలీదు. నేను చూసింది ఆయన్నే.

"తూనీగని కోసెయ్" అన్నాను.

"తూనీగనాండి?"

"తూనీగనే. చెయ్యి ఉంచు, అంతే. షార్ప్ కొంచెమే పెట్టు. అంచున తెల్లగీత రాకూడదు."

కొంచెం కొంచెం పెంచాడు. గీత రాబోతుంటే ఆగమన్నాను. ఆగాడు. కాసేపటికి, అలవాటు కాబోలు, పెళ్ళికూతుళ్ళ మొటిమలు తీసిన చెయ్యి కదా, "ఉంగరానికి ఆ దారం తీసేద్దామాండి, నీటుగా ఉంటుంది" అన్నాడు.

"చెయ్యి వేశావంటే ఊరుకోను."

"ఆయ్, అలాగేనండి" అని మౌస్ వదిలేశాడు.

ఫ్రేము కట్టేటప్పుడు అద్దం కూడా వద్దన్నాను. దుమ్ము పడుతుందని మొత్తుకున్నాడు. పడనీ, తుడుచుకుంటాను.

సంవత్సరీకానికి వదిన రానే వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే గోడ చూసి ఆగిపోయింది.

"ఇదేంటే, మొహం ఏదీ?"

"చెయ్యే దొరికింది వదినా."

దగ్గరికెళ్ళి చూసింది. తమ్ముడి చెయ్యి పోల్చుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఏదో ఒకటి అనాలి కాబట్టి అంది.

"అయినా ఇంత కిందికి మేకు కొట్టించావేంటే? ఫోటో అన్నాక పైన కదా పెడతారు?"

"పైన పెడితే నాకు అందదు కదా వదినా" అన్నాను.