పాలల్లో కలిపిన మాత్ర

మణి ఆ పని ప్రేమతోనే చేసింది, కాదనం. అయినా చేయకూడని పనే చేసింది.

గల్ఫ్‌లో, అబుదాబికి దూరంగా ఉండే రువైస్‌లో, కంపెనీ క్వార్టర్స్‌లో ఉంటారు వాళ్లు. భర్త వీరరాఘవరావు రిఫైనరీలో ఇంజినీరు. ఒక్కగానొక్క కూతురు ఆమని పన్నెండో తరగతి. కరోనా తగ్గి బడులు మళ్లీ తెరిచిన ఏడాది, ఆ పిల్లకి బడి గేటు చూస్తే చాలు ఊపిరాడకపోవడం మొదలైంది. గుండెదడ, చెమటలు. కొన్నాళ్లకి బస్సెక్కనంది. ఆ తర్వాత గది దాటి రానంది. అలాంటి పిల్లని చూస్తూ ఏ తల్లికి ముద్ద దిగుతుంది?

"అబుదాబిలో సైకియాట్రిస్టుకి చూపిద్దామండీ," అంది మణి.

"మతి పోయిందా నీకు?" అన్నాడు వీరరాఘవరావు గొంతు తగ్గించి. "ఆసుపత్రిలో ఐడీ కార్డు ఇచ్చామంటే అంతా రికార్డులోకెక్కుతుంది. రేపు దాని వీసాకి ఏం అడ్డొస్తుందో! ఇక కాలనీలో తెలిసిందా, మన పరువు గంగలో కలిసినట్టే."

వీసాకి అడ్డమని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఈ మహానుభావుడు ఎవర్నీ అడగనూ లేదు. భయపడటం మాత్రం ఇద్దరూ కలిసి భయపడ్డారు.

చివరికి మణి కాకినాడలో మందుల షాపు నడిపే తమ్ముడికి ఫోన్ చేసింది. "ఇలాంటివాటికి మాత్రలుంటాయక్కా, నేను పంపిస్తాగా," అన్నాడతను, పిల్లని చూడకుండానే, పిల్లతో మాట్లాడకుండానే. సెలవు నుంచి తిరిగొచ్చే ఒకాయన సామాన్లలో ఆవకాయతో పాటు అవీ వచ్చాయి. చెబితే ఆమని బెంబేలెత్తిపోతుందని, మణి మాత్ర నూరి పాలల్లో కలిపి ఇవ్వసాగింది.

మొదట్లో పిల్ల హాయిగా నిద్రపోయింది. మణి దేవుడికి దణ్ణం పెట్టుకుంది. రానురాను ఆ నిద్ర మధ్యాహ్నం దాకా సాగింది. చేతులు వణకడం, నోరెండిపోవడం, చదివిన పేరానే మళ్లీ మళ్లీ చదవడం. మణి అన్నీ చూస్తూనే ఉంది. మందు పనిచేస్తోంది కాబోలని తనకి తానే సర్దిచెప్పుకుంది.

ఒకరోజు భోజనాల వేళ ఆమని వంటింట్లోకొచ్చి నేలమీద కూలబడింది.

"అమ్మా, నాకేదో అయిపోతోంది. ముందు భయం ఒక్కటే ఉండేది. ఇప్పుడు బుర్ర కూడా పోతోంది. నిన్న మా మిస్ పేరు గుర్తుకు రాలేదు. ఈ చెయ్యి చూడు, ఎలా వణుకుతోందో. పూర్తిగా పిచ్చిదాన్నయ్యి మీకు భారమయ్యేకంటే చచ్చిపోతే నయమనిపిస్తోంది. రోజూ అనిపిస్తోందమ్మా."

నిజం చెబితే కూతురు తన మొహం చూడదు. చెప్పకపోతే కూతురే దక్కదేమో. ఇక ఆలోచించేదేముంది?

"నీకేం పిచ్చి లేదు తల్లీ. ఆ వణుకు మందు వల్ల. పాలల్లో నేనే కలిపాను," అని భోరుమంది.

ఆమని అరవలేదు. అరిచినా బాగుండును.

"అంటే నాకు పిచ్చేనని నువ్వూ అనుకున్నావన్నమాట," అంది మెల్లగా. "ఒక్క ముక్క నాతో చెప్పలేకపోయావా? నేనే వేసుకునేదాన్ని కదా. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని మిమ్మల్ని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో తెలుసా?"

మణి అప్పటికప్పుడు భర్తకి ఫోన్ చేసింది. "పిల్ల చచ్చిపోతానంటోంది. ఇంకా మీ పరువు, మీ వీసా అంటూ కూర్చుంటారా? కారు తీసుకుని రండి."

వీరరాఘవరావు డ్యూటీ మధ్యలోనే వదిలేసి వచ్చాడు. కారు అబుదాబి దారి పట్టింది. వెనక సీట్లో మణి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆమని లాక్కోలేదు. మణికి ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి పిల్ల దాహమేస్తోందంటే, తను తాగుతున్న నీళ్ల సీసా అందించింది.

ఆమని దాన్ని అందుకోలేదు.

"మూత తియ్యనిది ఇవ్వమ్మా," అంది.

మణి కొత్త సీసా తీసి ఇచ్చింది. సీలు సరిగ్గా ఉందో లేదో ఆమని వేలితో తడిమి చూసుకుని, అప్పుడు తాగింది.