సుక్కకోడికి పరిచిన పక్క

కోడి కాస్త నలతగా కనిపిస్తే మా మామయ్య సారంగపాణికి తెలిసిన మందులు రెండే. ఒకటి పసుపు, రెండోది మసాలా. ఆ పొద్దున సుక్కను చూసి, పసుపు మాట ఎత్తకుండా నేరుగా మసాలా దగ్గరికే వెళ్లాడు.

"సచ్చినంక పారేసుడు కన్నా పానం ఉండంగనే కోసుకునుడు నయం గదా," అన్నాడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుంటూ.

"ఏం రోగమో తెల్వకుండ తింటవా? తిను. ముందుగాల నువ్వే తిను," అంది మా అత్తమ్మ మొగిలమ్మ. ఆయన నేతలో పడ్డాడు.

సుక్క అంటే ఒళ్లంతా తెల్లచుక్కలున్న నల్లపెట్ట. నిజానికి అది కొత్తవాడలోని మా ఇంటికి వచ్చిందే కూరకు. పోయిన ఏడాది నాలుగో నెలలో నాకు కడుపు పోయినప్పుడు, నాటుకోడి రసం తాగితే ఒంట్లో బలం వస్తుందని అత్తమ్మ తొర్రూరు అంగడికి పోయి మరీ తెచ్చింది. తీరా కోయబోయే పొద్దున అది గంప కింద గుడ్డు పెట్టింది. అత్తమ్మ ఆ గుడ్డును అరచేతిలోకి తీసుకుంది. "ఇంక వెచ్చగనే ఉన్నది," అని మాత్రం అని, కత్తి లోపల పెట్టేసింది. ఆ పూట నాకు పప్పుచారే గతి.

ఆ తర్వాత నేను మగ్గం ఎక్కలేదు. ఇంట్లో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. దవాఖానలో డాక్టరమ్మ కూడా, కారణమంటూ ఏమీ లేదు, కొన్నిసార్లు ఇలా అవుతుందని చెప్పింది. ఆ మాటతో నాకు ఊరట కలగకపోగా ఒళ్లు మండింది. కారణం లేకుండా ఎలా పోతుంది? మరే కారణమూ లేదంటే అది నేనే అయి ఉండాలి. మగ్గం తొక్కడమో, నీళ్ల బిందె ఎత్తడమో. నా చేతికింద ఏదీ బతకదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఆ తీర్పుకు ఎదురు నిలిచింది సుక్క ఒక్కటే. నా చేతి గింజలు తిని, నా వెనకే తిరిగి, నిగనిగలాడుతూ బతికింది. ఇప్పుడు అదీ తల వాల్చింది.

ముందు మేత తగ్గించింది. తర్వాత మెడ చాచి చాచి, ఏదో మింగలేక అవస్థపడేది. రెక్కలు వేలాడేసుకుని గోడవారన నిలబడేది. మా వాడలో కోడికి జబ్బు చేస్తే వైద్యులకు కొదవ లేదు. ఎదురింటి భద్రమ్మ కొక్కెర తెగులంది. అదే అయితే ఈపాటికి వాడలో కోళ్లన్నీ పోవాలి కదా, ఆమె పుంజు మాత్రం మా గోడెక్కి కూస్తోంది. ఇంకొకావిడ దిష్టి అంది. అత్తమ్మ ఎవరి మాటా తీసెయ్యలేదు. వెల్లుల్లి నూరి మింగించింది. ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. చలి పట్టిందేమోనని గంపలో పక్క కూడా వేసింది.

నేతగాళ్ల ఇంట్లో మెత్తటి పక్కకు కరువేముంది? మగ్గం మీదికి కొత్త పడుగు నూలు అతికినప్పుడల్లా కత్తిరించిన కొసపోగులు కుప్పగా మిగులుతాయి. ఎర్రవీ పచ్చవీ నీలివీ గుప్పెళ్లకొద్దీ తెచ్చి పరిచింది. అవి అణిగిపోతే మళ్లీ కొత్తవి వేసింది.

"నేతోళ్ల కోడి నూలు పరుపు మీద పండకపోతే ఎట్ల?" అని మురిసిపోయింది. సుక్క ఆ పోగుల్లో ఒదిగి కూర్చుంటే మా ఇద్దరికీ ప్రాణం కుదుటపడేది. కానీ మేము ఎంత పరిస్తే అది అంత నీరసపడింది.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, ఆదివారం పొద్దున్నే మామయ్య కత్తి నూరుతూ కనిపించాడు.

"ఒక్క పూట ఆగు మామయ్యా," అన్నాను. గంపకు అడ్డంగా నిలబడ్డాను.

ఆయన నా మొహం చూసి కత్తి పక్కన పడేశాడు. "నువ్వు ఏడ్వకు బిడ్డా. నాకేమన్న కోడికూర కరువా?"

ఆముదం పడితే మేలని నేను సుక్కను ఒళ్లోకి తీసుకున్నాను. మెడ కింద మేత నిలిచే సంచి చేతికి గట్టిగా, ముద్దలా తగిలింది. రాత్రంతా ఏమీ తినని కోడికి పొద్దున్నే అది ఖాళీగా ఉండాలి కదా? అత్తమ్మ దాని ముక్కు విప్పి పట్టుకుంది. నాలుక కింద ఎర్రటి పోగు ఒకటి మెలి తిరిగి గొంతులోకి పోతోంది.

నేను గబుక్కున దాని కొస పట్టుకున్నాను. అత్తమ్మ నా మణికట్టు పట్టేసింది.

"గుంజకు! చిక్కువడ్డ పోగును గుంజితే ఏమయితదో నీకు తెల్వదా? ఇంక బిగుసుకుంటది. లోపల కోసుకపోతది."

మగ్గం మీద ముసలిదైన మనిషి. చిక్కు గురించి ఆమెకు చెప్పేవాళ్లు లేరు. సుక్కను కొంగు కింద పెట్టుకుని ఆటో ఎక్కింది, నేనూ ఎక్కాను. పశువుల దవాఖానలో డాక్టర్ విజయశ్రీ సుక్క మెడ తడిమి, నోరు వాసన చూసి, మత్తు ఇచ్చి సంచి మీద చిన్నగా కోసింది. పట్టకారుతో ఉండలుండలుగా పోగులు బయటికి తీసింది. తీస్తుంటే వస్తూనే ఉన్నాయి.

"ఎర్రయి దసరా దుప్పట్లయి," అంది అత్తమ్మ సన్నటి గొంతుతో. "గా పచ్చయి మొన్నటి తువ్వాలలయి."

"ఈ పోగులకు ఏం పెడ్తరమ్మా?" అంది డాక్టర్.

"గంజి," అని, గంపలో పక్క వేసిన సంగతీ చెప్పింది అత్తమ్మ.

"ఇంకేమున్నది? కోడికి అది అన్నం వాసనే. ముందు మగ్గం కిందవి ఏరుకుని తిన్నట్టుంది. తర్వాత మీరే గంపనిండా పోసిన్రు. మీరు వేసింది పక్క కాదమ్మా, విస్తరి."

కుట్లు వేసి, పలచటి జావ తప్ప ఏమీ పెట్టొద్దని చెప్పింది. రేపు మేతకోసం అరిస్తే బతికినట్టే అంది.

ఇంటికి వచ్చాక అత్తమ్మ గంప ముందు చతికిలబడింది. "మంచిగ చూసుకుంటాననుకుని నా చేత్తోటి నేనే పెట్టిన," అంది.

"నీకేం తెలుసు అత్తమ్మా? ప్రేమతోటి వేసినవ్. నీ తప్పేమున్నది?"

ఆమె నా వైపు తిరిగింది. "మరి నీదెట్ల తప్పయింది?"

జావ కాయాలంటూ నేను లేవబోతే ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నాకు కండ్లు లేవనుకున్నవా? మగ్గం దిక్కు చూసి మొఖం తిప్పుకుంటానవు. దీని రోగానికి కారణం దొరికింది, నాదే అని ఒప్పుకుంటాన. నీదానికి కారణమే లేదని డాక్టరమ్మ చెప్పింది గదా. లేని తప్పును నెత్తిన పెట్టుకుని ఎందుకు మోస్తానవు బిడ్డా?"

ఏడాదిగా దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. ఆమె ఆపమనలేదు. లేచి పోగులన్నీ ఊడ్చేసి, లోపలికి వెళ్లి పెట్టెలోంచి ఒక మూట తెచ్చి విప్పింది. తన పాత నూలుచీరలు చింపి చేసిన పొత్తిగుడ్డలు. అంచులన్నీ మడిచి సన్నగా కుట్టి ఉన్నాయి. ఊడిన పోగు పసిపాప వేలికి చుట్టుకుంటుందని అలా కుడతారు. ఎప్పుడు కుట్టిందో నాకు తెలియనే తెలియదు.

"ఇవి కోడికెందుకత్తమ్మా?" అన్నాను ఒకదాన్ని చెంపకు ఆనించుకుని.

"పోగు ఊడని బట్ట ఇంట్ల ఇదొక్కటే," అంటూ నా చేతిలోంచి మెల్లగా తీసుకుని గంపలో పరిచింది. "మళ్ల కుడ్త. నాకు పాతచీరలకేం తక్వ? జర ఫికర్ చెయ్యకు."

మర్నాడు తెల్లవారకముందే సుక్క గంపను తన్ని తన్ని అరిచింది. "నా మసాలా పాయె," అని గొణుక్కుంటూ జావ కలిపింది మామయ్యే.

నేను మగ్గం కింద శుభ్రంగా ఊడ్చి, గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాను. అత్తమ్మ పాతచీర ఒకటి తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. కండ్లు ఆనుతలేవని చెప్పి, దారం ఎక్కించమని సూది నా చేతికిచ్చింది.