పోసిన చెయ్యి

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి తోక్తోసున్ లారీ ముందు మూత ఎత్తి, ఆయిల్ గేజి లాగి, చొక్కా చేతికి తుడిచి, మళ్ళీ ముంచి చూశాడు. ఆయిల్ తేనె రంగులో ఉంది. నలభై ఒక్క ఏళ్ళుగా అదే రంగు.

కారా-కెచే గని నుంచి కోచ్కోర్ ఊరి ఇళ్ళకు బొగ్గు తోలే గాజ్-53 అది. దాని ఇంజను ఎన్నడూ విప్పలేదు. కనుమ దారిలో కొత్త బండ్లు ఆవిరి కక్కుతూ ఆగిపోతే, ఇది పెళ్ళికి పోతున్నట్టు పోయేది. పోసిందెప్పుడూ ఒకటే ఆయిల్, పసుపు డబ్బా మీద తోడేలు బొమ్మ ఉండే కోక్-జాల్. అది అరుగుదలను మాయం చెయ్యదు, పోసిన మనిషి మీదికి తోస్తుంది. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు. మొదట ఆ లారీ నడిపిన తోక్తోసున్ అన్న ఎసెన్ నలభై తొమ్మిదో ఏట, తొంభై ఏళ్ళ కీళ్ళతో పోయాడు. తర్వాత పద్దెనిమిదేళ్ళలో తోక్తోసున్ మోకాళ్ళు రెండూ అరిగాయి. వేరే రకం ఆయిల్ కలిస్తే తోసిందంతా ఒక్క పూటలో బండి మీదికే తిరిగొస్తుంది. అందుకే ఎవరూ కలపరు. కీళ్ళు పోయినా మనిషి కూర్చుని నడపగలడు, బండి పోతే పొయ్యి వెలగదు.

పది రోజులు నారిన్ ఆస్పత్రిలో ఉండి ముందు రోజే ఇంటికొచ్చాడు తోక్తోసున్. వెళ్ళేటప్పటికి ఆయిల్ గుర్తు కిందికి దిగి, వాల్వు ఒకటి టక్ టక్‌మనేది. ఇప్పుడు ఆయిల్ గుర్తు దాకా ఉంది. ఇంజను తిప్పి తల వంచి విన్నాడు. చప్పుడు లేదు.

కూతురు బెగాయిమ్ గేటు తీస్తోంది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. గడియ ఎత్తినప్పుడు ఆమె మణికట్టు లోపల్నించి వచ్చింది చప్పుడు. టక్. దించినప్పుడు మళ్ళీ, టక్.

"ఆయిల్ నువ్వు పోశావా?"

"మరి నీ లారీ గాలి తాగి నడుస్తుందా? రెండు డబ్బాలు పోశాను."

"పోసిన చేతికి ఏమవుతుందో తెలీదూ?"

"తెలుసు నాన్నా. ఎవరో ఒకరు అరగాలిగా. నీ దగ్గర అరగడానికి ఇంకేం మిగిలిందని?" నవ్వింది. "ఎల్లుండి నుంచి కనుమకు నేనే. తాళాలియ్యి."

"రొట్టె చల్లారిపోతోంది, తిని పోట్లాడుకోండి," అని లోపల్నించి భార్య ఆయ్నాష్ కేకేసింది.

తోక్తోసున్ తినలేదు. కర్ర పట్టుకుని వీధి చివర మెకానిక్ జుమాష్ కొట్టుకు నడిచాడు.

"ఎర్ర డబ్బా ఒకటివ్వు."

జుమాష్ చేతిలో పానా ఆగింది. "ఎవరికి?"

"నా లారీకే."

"అన్నా, మీరు పెళ్ళాన్ని మార్చారంటే నమ్ముతాను, ఆయిల్ మార్చారంటే ఎట్లా నమ్మేది? మోకాళ్ళతో పాటు బుర్ర కూడా అరిగిందా?"

"పిల్ల మణికట్టు టక్‌మంటోంది."

జుమాష్ పానా కింద పెట్టాడు. ఎర్ర డబ్బా తీసి, దారిలో ఎవరి కంటా పడకుండా పాతగుడ్డలో చుట్టి ఇచ్చాడు.

పాత ఆయిల్ దించకుండానే తోక్తోసున్ ఎర్ర డబ్బా పోసి ఇంజను తిప్పాడు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత లారీ దగ్గింది. అది తోక్తోసున్ దగ్గే. రెండోసారి వచ్చింది ఎసెన్ దగ్గు. పద్దెనిమిదేళ్ళుగా ఆ పెరట్లో ఎవరూ వినని దగ్గు. ముందు దీపాలకు పొర కమ్మింది. రంగు చేప పొలుసుల్లా రాలింది. చక్రాలు ఒక్కొక్కటే మోకాళ్ళు మడిచినట్టు కుంగాయి. స్టీరింగు మీద, చేతులు పట్టుకునే చోట, రెండు గుంటలు పడ్డాయి. వాటి లోతు చూసి తోక్తోసున్ కళ్ళు తిప్పుకున్నాడు. మధ్యాహ్నానికి ఇంజను ఆగింది.

బెగాయిమ్ పిడికిలితో లారీ తలుపు మీద గుద్దింది. తుప్పు రాలింది గాని ఆమె చేతిలో చప్పుడు లేదు.

"చంపేశావు నాన్నా."

"అవును."

"రేపు ఏం తింటాం?"

తోక్తోసున్ లారీ మూత దించాడు. కర్ర లేకుండా నిలబడి ఉన్నానని అప్పుడే గమనించాడు. సిగ్గేసింది.

ఆ వారమంతా కూతురు అతనితో మాట్లాడలేదు. గురువారం గనికి వెళ్ళి, అక్కడి బండ్ల మీద పని ఉందేమో అడిగి వచ్చింది.

శనివారం పొద్దున తోక్తోసున్ పెరట్లోకి వచ్చేసరికి, పదేళ్ళుగా బస్సు మెట్టు కూడా ఎక్కలేని ఆయ్నాష్ నిచ్చెన మీద ఉంది. కొట్టం కప్పు మీదికెక్కి, గడ్డి మోపులు ఎత్తి కింద పడేస్తోంది. ఆవిడది వయసుతో వచ్చిన నొప్పి అనే అతను ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

"నువ్వు కూడా పోశావా?" అని కింద నిలబడి అడిగాడు. "ఎప్పట్నించి?"

ఆవిడ ఇంకో మోపు విసిరింది.

"మీ అన్నను పూడ్చి వచ్చిన సాయంత్రం నుంచి. నువ్వొక డబ్బా పోస్తే, తర్వాతిది నేను."