కిందివైపు మనుషులు

జాలే నది ఒడ్డునున్న కన్యాస్త్రీల మఠంలో పడుచుపిల్లలకు చదువు చెప్పి చెప్పి హద్విగ్‌కు ముసలితనం వచ్చేసింది. భూమి బంతిలా గుండ్రంగా ఉంటుందని, గ్రహణం నాడు చంద్రుడి మీద పడే నీడే అందుకు సాక్ష్యమని ఏటా చెప్పేది. గోడ మీద బొగ్గుతో పెద్ద భూగోళం గీసి, పిల్లలు కునుకు తీయకుండా అడుగున కొందరు మనుషుల్ని కూడా గీసింది. మన కాళ్లకు ఎదురుకాళ్లు పెట్టి నడిచేవాళ్లు. ఒకడు గొర్రెలు తోలుతున్నాడు, ఒకామె అంబలి కలుపుతోంది.

ఆ సంగతి బిషప్ చెవిన పడింది. ఈస్టర్‌కు ముందటి ఉపవాస దినాల్లో, మంచు ఇంకా కరగకముందే, మైన్‌హార్డ్ అనే ఫాదర్‌ను విచారణకు పంపాడు. దారంతా తడిసి, జలుబుతో వచ్చాడాయన. గోడ ముందు నిలబడి చాలాసేపు ముక్కు తుడుచుకున్నాడు.

"గుండ్రమంటే పేచీ లేదు హద్విగమ్మా. అది బిషప్‌గారికీ తెలుసు. తంటా అంతా అడుగునున్న వీళ్లతోనే."

భూమి నడుమనున్న మండే ఎండల సీమను ఎవరూ దాటలేరు, తొలి మనిషి ఆదాము సంతానం అటు పోలేదు కదా, మరి వీళ్లు ఎవరి బిడ్డలని అడిగాడు. క్రీస్తు వీళ్ల కోసం చనిపోలేదందామా అన్నాడు.

వయసులో ఉన్నప్పుడైతే హద్విగ్ పొద్దుగూకేదాకా వాదించేదే. అలా వాదించే ఒకసారి శిక్షగా నెల్లాళ్లు ఎండురొట్టె, నీళ్లతో గడిపింది. ఇప్పుడు ఓపిక లేదు.

"ఉన్నారో లేరో నేను చూసొచ్చానా ఫాదర్? తడిగుడ్డ తెప్పిస్తాను, తుడిచేద్దాం."

తుడవబోయింది గానీ మోకాళ్లు వంగలేదు. ఫాదర్ నిట్టూర్చి, గుడ్డ అందుకుని తనే నేల మీద చతికిలబడ్డాడు. గొర్రెలవాణ్ణి తుడిచాడు. అంబలి కలిపే ఆమె దగ్గర చెయ్యి ఆగింది.

"ఈమెది ఎవరి పోలిక?"

"మా అమ్మ పోలికే. నా చేతికొచ్చిన మొహం అదొక్కటే."

"ఏమీ అనుకోకమ్మా," అని ఆమెనూ తుడిచేశాడు.

ఆయన వెళ్లాక స్వాన్‌హిల్డ్ అనే పడుచు కన్యాస్త్రీ గోడ మీది మనుషులంతా ఏమయ్యారని అడిగింది. పెద్దలు లేరన్నారు గనుక లేరని, గుండ్రమన్న మాట మాత్రం మరిచిపోవద్దని హద్విగ్ చెప్పింది. చెబుతుంటే తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

ఈస్టర్ దాటగానే మఠం పెద్దమ్మ దగ్గరికి వెళ్లి, ఇక చదువు చెప్పడం తనవల్ల కాదంది. పెద్దమ్మ కారణం అడగలేదు. బడిని స్వాన్‌హిల్డ్‌కు అప్పగించింది. హద్విగ్ వంటింటి పొయ్యి పక్కన కూర్చుని ఎండు బఠానీల్లో రాళ్లు ఏరసాగింది. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అడగరు. మొదటి వారం అది ఎంతో హాయిగా తోచింది.