మూడో చదరంలో ఆడ చెట్టు

బుట్టలక్కకి నోరెక్కువని వీధిలో అందరూ అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ బుట్ట అల్లుతున్నంతసేపూ చేతులతో పోటీ పడి నోరు నడిచేది. ఆ నోరే తన కొంప ముంచుతుందని మాత్రం ఆవిడ కలలో కూడా అనుకోలేదు.

ఆవిడ పనిగది వీధి చివర, ఏటి ఒడ్డున ఉంది. వెనక తలుపు తీస్తే ఏటిపాల తోపు. పుస్తకాల్లో విల్లో అని రాస్తారే, ఆ జాతి చెట్లే. నీటి అంచున వేలెడు లావు రెమ్మలు, వాటి వెనక తుంగ, ఇంకాస్త పైకి వెళ్తే పెద్ద చెట్లు, వాటికి చుట్టుకున్న తీగలు, అడుగున చెమ్మలో బతికే ఫెర్నులు. ఏటా వరద ముందు ఈ తోపు మీదే పడుతుంది. తోపు వంగుతుంది, బురదని పట్టి ఆపుతుంది, జోరు చచ్చిన నీళ్లనే వీధిలోకి వదులుతుంది. బుట్టలకి రెమ్మలిచ్చేదీ, గది గోడ పడిపోకుండా కాసేదీ ఆ తోపే.

దాన్ని కొట్టేసి కాంక్రీటు గోడ కడతామని ఆఫీసువాళ్లు బయల్దేరారు. దానంతటది పెరిగిన ఏటి అడవైతే ముట్టుకోకూడదు, మనుషులు నాటిన తోటైతే కొట్టెయ్యొచ్చు. రూలు అంతే. ఇది అడవో తోటో తేల్చాల్సింది మొక్కల సర్వే.

సర్వే చేసే మనిషి ఆవిడకి పరాయివాడేం కాదు. మూడేళ్ల కిందట మొదటిరోజే నడుముదాకా బురదలో దిగబడితే చెయ్యిచ్చి లాగింది ఆవిడే. ఆ క్షణం నుంచి "అక్కా" అనే పిలిచేవాడు. అతని పనికి నాలుగు మేకులు, ఒక తాడు కావాలి. పది అడుగుల చదరం కట్టి, అందులో ఉన్న ప్రతి మొక్కనీ పేరుపేరునా రాసుకోవాలి. తాడు రెండో కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఆ మనిషిని ఆఫీసు ఏనాడూ పంపలేదు. అల్లుతున్న బుట్ట పక్కన పడేసి ఆవిడే వెళ్లి పట్టుకునేది. వరద తీసిన వెంటనే లెక్కపెడితే సగం మొక్కలు బురద కిందే ఉండిపోతాయి, రెండు నెలలు ఆగమని చెప్పిందీ ఆవిడే.

ఒకరోజు తాడు పట్టుకుని ఉండగా ఆవిడ గొప్పలకి పోయింది. "ఇదంతా మా నాన్న చలవే తమ్ముడూ. పెద్ద వరదొచ్చిన ఏడు, మిగిలిన ఒక్క చెట్టు నుంచి పుల్లలు నరికి ఒడ్డు పొడుగునా గుచ్చాడు. అందరూ పిచ్చోడన్నారు."

అతను నవ్వాడు. "ఒక్క చెట్టు పుల్లలైతే అన్నీ మగవైనా కావాలి, అన్నీ ఆడవైనా కావాలక్కా. ఏటిపాలలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. ఇటు రా." ముందు వరసలో ఏ కొమ్మ చూసినా పసుప్పచ్చటి పుప్పొడి రాలుతున్న మగ కంకులే. మూడో చదరంలో మాత్రం మగవాటి పక్కనే ఆడ చెట్ల ఆకుపచ్చ కంకులు, దూది విచ్చుకుంటున్నవి కనిపించాయి. "మీ నాన్న నాటింది ఈ వరసే. మిగతా తోపంతా వరదతో కొట్టుకొచ్చిన గింజ. ఇది అడవక్కా."

"అయితే మా నాన్న మగపిల్లలకి ఏరే సంబంధాలు తెచ్చిందన్నమాట," అంది బుట్టలక్క. ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. అతను రెండు రెమ్మలు ఎండబెట్టి ఒక అట్ట మీద అంటించాడు. కింద మగ, ఆడ, మూడో చదరం అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని గోడకి, నాన్న కత్తి పక్కనే తగిలించింది.

తోపు సంగతి తేల్చే ఆఫీసు విచారణకి వారం ముందు అతను గదికి వచ్చాడు. "అక్కా, ఆ అట్ట ఇస్తావా, పెద్దవాళ్లకి చూపించాలి. మీ నాన్న గురించి కూడా రెండు ముక్కలు రాశాను, సంతకం పెట్టు." ఆవిడ అట్ట మీది దుమ్ము కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. కాగితం చదివింది. 'ఈ ఒడ్డున ఏటిపాల నాటింది మా నాన్న' అని ఉంది. ఉన్నమాటే కదా అనుకుంది. నాన్న సంగతి ఆఫీసు కాగితం మీద చూసేసరికి కళ్లు చెమర్చాయి. సంతకం పెట్టి, టీ పెట్టి, పంపించింది.

విచారణ గదిలో పొడుగాటి బల్ల, కిర్రుమనే ఫ్యాను ఉన్నాయి. అతను లేచి నిలబడి గడగడా చదివాడు. "తోపు మొత్తం మనుషులు నాటినదే. ఆధారం, నాటినాయన సొంత కూతురి వాంగ్మూలం."

బుట్టలక్క తన చెవుల్ని తనే నమ్మలేదు. లేచి నిలబడింది. "సార్, మా నాన్న నాటింది ముందు వరసే. మిగతాది ఏరు తెచ్చింది. ఆడ చెట్లున్నాయి."

"రుజువుందా అమ్మా?" అన్నాడు అధికారి.

"ఉంది సార్, ఆయన దగ్గరే ఉంది. తమ్ముడూ, ఆ అట్ట తియ్యి."

అతను ఫైలులో కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. తల ఎత్తలేదు. "ఏ అట్ట, అక్కా?"

"ఇప్పుడు పూత లేదు సార్, పూస్తేనే ఏది ఆడో ఏది మగో తెలిసేది," అంది ఆవిడ అధికారితో. చెట్లు మళ్లీ ఎప్పుడు పూస్తాయని అధికారి అడిగాడు. నాలుగు నెలలు పడుతుందని చెప్పింది. నరకడం వచ్చే నెలే మొదలని చెప్పి ఆయన ఫైలు మూసేశాడు.

వరండాలో మంచినీళ్ల కుళాయి దగ్గర అతను వెనకే వచ్చాడు. "పైనుంచి చెప్పారక్కా. రాయకపోతే నన్ను తీసేసేవాళ్లు. నీకు వేరేచోట గది ఇమ్మని మాట్లాడాను."

కోపం రావాల్సిన చోట ఆవిడకి సిగ్గు ముంచుకొచ్చింది. ఎంత గొప్పగా చెప్పుకుంది ఇతనికి, చిన్నపిల్లలా.

"ఉద్యోగం కోసం అబద్ధం రాశావు. సరే, నీ కష్టాలు నీవి. ఆ చెట్లు నరకడానికి నీకు మా నాన్నే దొరికాడురా?"

అతను ఏదో అనబోయాడు. "అక్కా అనకు," అని మెట్లు దిగింది.

గదిలో అట్ట తీసిన చోట గోడ తెల్లగా, చదరంగా కనిపిస్తోంది. మూలన అతని తాడు చుట్ట చుట్టి ఉంది. వచ్చే ఏడు లెక్కకి మళ్లీ కావాలని ఇక్కడే వదిలి వెళ్లాడు. ఆవిడ దాని వైపు చూడకుండా పీట వేసుకుని, సగంలో ఆపిన బుట్ట ఒళ్లోకి తీసుకుంది.

పొద్దుగూకేదాకా చేతులు నడుస్తూనే ఉన్నాయి. నోరు మాత్రం నడవలేదు. గదిలోంచి ఒక్క మాటా వినపడకపోయేసరికి, ఒంట్లో బాగోలేదేమోనని పక్కింటావిడ వచ్చి తలుపు తట్టింది.